మూడు చప్పుళ్ళు

నేను అక్షరాలు నేర్చుకున్నది ఒక్క పేజీ చదవడానికి. అప్పటికి నాకు అరవై దగ్గర పడుతున్నాయి. సంతకం పెట్టాలనో, బస్సు బోర్డులు చదవాలనో కాదు. ఒక చిన్న పుస్తకంలో, ఒక పేజీలో, ఒక నియమం రాసి ఉందో లేదో చూసుకోవాలి. ఇంకొకరి చేత చదివించుకుంటే పావుగంట పని. కానీ చదివిపెట్టేవాళ్ళు ఎందుకని అడుగుతారు. అడిగితే, మా ఆయన పోయిన రోజు నేనేం చేశానో చెప్పాలి. అందుకని ఎంతకాలం పట్టినా సరే, నా కళ్ళతోనే చదువుకోవాలనుకున్నాను.

మా ఆయన భిలాయి ఉక్కు ప్లాంటులో ఖలాసీ. క్రేను కింద నిలబడి, పైన గదిలో కూర్చున్న డ్రైవరుకు సైగలు చేసి బరువులు ఎత్తించే పని. ఆ మోతలో నోటిమాట పనికిరాదు. వేలు పైకి తిప్పితే ఎత్తమని, కిందికి తిప్పితే దించమని, పిడికిలి బిగించి చెయ్యెత్తితే ఆగమని. ముప్ఫై నాలుగేళ్ళు అదే పని చేసి, ఇంట్లో కూడా సగం మాటలు చేతులతోనే చెప్పేవాడు. అన్నం చాలంటే పిడికిలి. కూర ఇంకొంచెం కావాలంటే వేలు.

"నోరు లేదేటి నీకు? నానేటి క్రేన్నా?" అనేదాన్ని.

"క్రేనైతే ఒక్క సైగకి ఇంటాది," అనేవాడు.

మా ఇద్దరిదీ విజయనగరం వైపు. మా తాతలు దూది ఏకి పరుపులు కుట్టేవాళ్ళు. నమాజు, రోజా ఉపవాసాలు అన్నీ ఉన్నా మా ఇళ్ళలో మాట తెలుగే. పెళ్ళయి భిలాయి వచ్చి సెక్టర్ 2 క్వార్టర్లో దిగినప్పుడు నాకు హిందీ ముక్క రాదు. పక్కింటివాళ్ళు బిహారువాళ్ళు, ఎదురింటివాళ్ళు రాయ్‌పూర్ వైపు వాళ్ళు. మా మతంవాళ్ళ ఇళ్ళకు వెళితే వాళ్ళది ఉర్దూ. నన్ను చూసి, "ముసల్మాన్ అయ్యుండి తెలుగేంటి?" అని నవ్వేవాళ్ళు. తెలుగువాళ్ళ ఇళ్ళకు వెళితే వాళ్ళు బొట్టు పెట్టబోయి, నన్ను చూసి ఆగి, ఏం చెయ్యాలో తెలియక పసుపు పళ్ళెం పట్టుకుని నిలబడేవాళ్ళు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. కానీ నేను ఎటూ కాను.

ఆయన షిఫ్టుకు పోతే ఎనిమిది గంటలు ఇల్లు ఇల్లంతా నోరు మూసుకునేది. అప్పుడే నాకు జిక్ర్ అలవాటైంది. సుబ్‌హానల్లా, అల్‌హందులిల్లా అనుకుంటూ వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకోవడం, అల్లాను మనసులో తలుచుకుంటూ ఉండటం. బియ్యం ఏరుతూ, బట్టలు ఉతుకుతూ, గుమ్మంలో కూర్చుని. ఆ ఊళ్ళో నా మాట తెలిసినవాళ్ళు ఇద్దరు. ఒకాయన షిఫ్టుకు పోయేవాడు. రెండో ఆయనకు షిఫ్టు లేదు. ఆ ధైర్యంతోనే నేను ఆ తొలి సంవత్సరాలు గడిపాను. ఎవరో వింటున్నారు, విసుక్కోకుండా వింటున్నారు అనిపించేది. అది నిజమైన ఓదార్పు. ఆ మాట ఇప్పుడు కూడా కాదనను.

ఆయన ఏడో తరగతి దాకా తెలుగు చదివాడు. ఒకసారి ఊరికి వెళ్ళినప్పుడు ఒక చిన్న దువాల పుస్తకం, ప్రార్థనలది, తెచ్చాడు. అరబ్బీ మాటలు తెలుగు అక్షరాల్లో, కింద అర్థం, దాని కింద ఎలా చదవాలో నాలుగు ముక్కలు. వారం సెలవు రోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒక్కో పేజీ పైకి చదివేవాడు. నేను తిరిగి చెప్పేదాన్ని. నాకు కంఠతా వచ్చే దాకా ఆ పేజీ వదిలేవాడు కాదు. వచ్చాక పై మూలన పెన్సిలుతో టిక్కు పెట్టేవాడు.

"ఎందుకా గీతలు? పుస్తకం పాడైపోతాది," అన్నాను ఒకసారి.

"సూసిన బోల్టుకి సుద్దతో టిక్కు పెడతాం. పెట్టకపోతే మర్నాడు మళ్ళీ అదే బోల్టు సూస్తాం. సూడనిది అలగే ఉండిపోద్ది."

నాకు వచ్చిన చదువు అదే. విన్నది, దాచుకున్నది.

కానీ నేను దాచుకున్నవి ఆ పుస్తకంలోవి మాత్రమే కాదు. మా అమ్మమ్మవి కూడా ఉన్నాయి. మా వాళ్ళలో ఇంట్లో పెద్ద కష్టం వస్తే ఒక దువాను లక్షా పాతిక వేల సార్లు చదువుతారు. చేప కడుపులో చిక్కుకున్న ప్రవక్త, ఆ చీకట్లో అల్లాకు మొర పెట్టుకున్న మాటలవి. పదిమంది ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని, మధ్యలో చింతపిక్కల కుప్ప పోసుకుని, ఒక్కోసారి చదివి ఒక్కో పిక్క పక్కన వేస్తారు. నా చిన్నప్పుడు అమ్మమ్మ ఒక్కతే కూర్చుని అలా చదువుతుంటే నేను వెళ్ళి, "ఆకలేస్తంది," అన్నాను. అమ్మమ్మ, "ఉండవే," అనేసింది. అని, తలమీద చెయ్యి పెట్టుకుంది. పక్కన వేసిన పిక్కలన్నీ తీసి మళ్ళీ కుప్పలో కలిపేసింది. "మధ్యన మాటాడినా, లేసినా సదివిందంతా గాలికి పోద్ది," అని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఆ కలిపేసిన చప్పుడు నాకు నియమమైపోయింది.

రిటైరయ్యాక మేం భిలాయిలోనే మరోదాలో రెండు గదుల ఇంట్లోకి మారాం. ఒక్కతే కూతురు, పెళ్ళయి నాగ్‌పూర్‌లో ఉంటుంది. ఇక్కడే పుట్టింది కాబట్టి దానికి హిందీయే మాట. తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. కొత్తింటికి వచ్చిన నాలుగేళ్ళకు ఆయనకు ఊపిరి జబ్బు ముదిరింది. బీడీల వల్ల అన్నాడు డాక్టరు. మాట్లాడితే ఆయాసం. పిలవడానికి కూడా ఊపిరి చాలేది కాదు. అప్పుడాయనే ఒక పద్ధతి పెట్టాడు. మంచం పక్కన స్టీలు గ్లాసు, చెంచా. ఒకసారి కొడితే నీళ్ళు. రెండుసార్లు కొడితే ఊపిరి ఆడటం లేదు, లేపి కూర్చోబెట్టు. ఈ రెండూ చెప్పి, మూడు వేళ్ళు చూపించాడు.

"మూడంటే?"

"పనేటీ లేదు. ఊరికే రా."

నేను నవ్వాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఊరికే రమ్మని పిలిచింది లేదు. జబ్బు పడ్డాక మాత్రం రోజుకు రెండు మూడుసార్లు ఆ మూడు చప్పుళ్ళు వినపడేవి. వెళితే మంచం పట్టె మీద చెయ్యి తట్టి చూపించేవాడు. కూర్చునేదాన్ని. ఏమీ మాట్లాడుకునేవాళ్ళం కాదు. బయట రోడ్డు మీద పోయే లారీలు వినపడేవి. కాసేపయ్యాక పొమ్మని చెయ్యి ఊపేవాడు.

ఆసుపత్రివాళ్ళు ఇక ఇంట్లోనే చూసుకోమన్నాక నేను ఆ దువా లక్షా పాతిక వేల సార్లు చదువుతానని మొక్కుకున్నాను. మసీదు వెనక ఉండే ఆడవాళ్ళు మంచి మనసుతోనే వచ్చారు. వాళ్ళలో పెద్దావిడ, "ఆపా, మేమందరం కూర్చుంటే రెండు రోజుల్లో అయిపోతుంది," అంది హిందీలో. ఒకసారి కూర్చున్నాం కూడా. నేను చదువుతుంటే ఒక పిల్ల మూతికి చున్నీ అడ్డం పెట్టుకుంది. పెద్దావిడ దాన్ని కసిరి, "ఐసే నహీ ఆపా, గొంతులోంచి, గొంతులోంచి," అని నాకు నేర్పబోయింది. నాకు ముఖం మండిపోయింది. నా మొగుడి కోసం నా నోటితోనే చదువుకుంటాను, ఎవరి గొంతూ అక్కర్లేదు అనుకున్నాను. మర్నాటి నుంచి రావద్దని చెప్పాను. అది కూడా ఇక్కడ రాయాలి. నేను ఒంటరిగా చదవడానికి భక్తి ఒక్కటే కారణం కాదు.

నలభై రోజులు పెట్టుకున్నాను. రోజుకు ముప్ఫయ్యొక్క వందలు, ఆఖర్న మిగిలిన పది వందలు. వంద చింతపిక్కలు కడిగి ఆరబెట్టాను. వంద అయినప్పుడల్లా గాజుసీసాలో ఒక శనగగింజ వేసేదాన్ని. రాయడం రాదు కదా, ఆ సీసాయే నా కాగితం. ముందు గదిలో గోడవారగా కూర్చునేదాన్ని. మధ్య గుమ్మానికి తెర. తెర అవతల ఆయన మంచం. ఆయనకు కావలసినవన్నీ చూసి, మందు పొగ పట్టి, నీళ్ళు పక్కన పెట్టి, ఒక్కో వందకు కూర్చునేదాన్ని. ఒక వంద మధ్యలో ఎప్పుడూ గ్లాసు మోగలేదు. ముప్ఫై తొమ్మిది రోజుల్లో ఒక్కసారి కూడా మోగలేదు. నాకు అది అల్లా దయ అనిపించేది. ఇప్పుడు అనిపిస్తుంది, ఆయన చూసి చూసి, ఒక వందకీ ఇంకో వందకీ మధ్య పిలిచేవాడని.

నలభయ్యో రోజు. మధ్యాహ్నం జుహర్ నమాజు అయింది. రెండు గంటల షిఫ్టుకు వెళ్ళే బళ్ళు రోడ్డు మీద పోతున్నాయి. ఆయన ఆ రోజు నాలుగు చెంచాల గంజి తాగాడు. నాకు ఆశ పుట్టింది. సీసా దాదాపు నిండింది. ఒక్క గింజ వేస్తే అయిపోతుంది. ఆఖరి వంద మొదలుపెట్టాను. కుప్పలో ఒక గుప్పెడు పిక్కలు మిగిలి ఉండగా గ్లాసు మోగింది.

ఒకటి. రెండు. మూడు.

ఒకటైతే లేచేదాన్ని. రెండైతే పరిగెత్తేదాన్ని. అలాగని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను, నిజమో కాదో తెలీదు. కానీ అవి మూడు. మూడంటే పనేం లేదు. లేస్తే ఈ వంద పోతుంది. ఈ వంద ఒక్కటేనా, నలభై రోజులూ పోతాయేమో, అమ్మమ్మ ఉంటే అడిగేదాన్ని. ఇంకొక గుప్పెడు. నేను కుడిచేయి పిడికిలి బిగించి ఎత్తాను, ఆయన క్రేను కింద ఎత్తినట్టు. ఆగు, వస్తున్నా అని. తెర అడ్డం ఉంది. ఆయనకు కనపడదని ఆ క్షణాన నాకు తోచలేదు.

మళ్ళీ మోగింది. ఈసారి ఒక్కో చప్పుడుకీ మధ్య చాలాసేపు పట్టింది. మూడోది చెంచా గ్లాసుకు తగిలిందో, జారిందో అన్నట్టు ఉంది. నేను వేగంగా చదివాను. మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. ఆ మాటల అర్థం నాకు తెలుసు, ఆయనే చదివి చెప్పాడు. నీవు తప్ప ఎవరూ లేరు, తప్పు చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను అని. లక్షా పాతిక వేల సార్లు అన్నాను. ఒక్కసారి కూడా నా గురించి అనుకోలేదు.

పిక్కలు అయిపోయాయి. శనగగింజ సీసాలో వేశాను. చేతులు చాచి, నయం చెయ్యమని అడిగి, ముఖం తుడుచుకున్నాను. దానికి ఇంకో రెండు నిమిషాలు. అప్పుడు లేచి, "ఒచ్చీసాను. అయిపోనాది. ఒక్కటీ తక్కువ లేదు," అంటూ తెర తీశాను.

చెంచా కింద ఉంది. గ్లాసు ఒళ్ళో ఉంది. ఆయన ముఖం తెర వైపు ఉంది.

సాయంత్రానికి ఇల్లు నిండిపోయింది. మసీదు వెనక ఆడవాళ్ళు అందరూ వచ్చారు, నేను రావద్దన్నదీ, చున్నీ అడ్డం పెట్టుకున్నదీ అన్నీ మరిచిపోయి. వంట వాళ్ళే చూసుకున్నారు. పెద్దావిడ నా పక్కన కూర్చుని, "ఆఖరి క్షణంలో కల్మా చదివారా?" అని అడిగింది. పోయేటప్పుడు నోట దేవుడి మాట ఉండాలని మా అందరి కోరిక. ఆమె కళ్ళు నా నోటి వైపే ఉన్నాయి. గదిలో అందరూ ఆగారు.

"హా," అన్నాను.

"నువ్వు పక్కనే ఉన్నావా?"

"హా."

అందరూ హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలారు. గోడవార నా చింతపిక్కలు చూసి, లక్షా పాతిక వేలు అదే రోజు పూర్తయిందని తెలిసి, ఎంత అదృష్టవంతుడు, భార్య జిక్ర్ వింటూ పోయాడు అన్నారు. చీకటి పడుతుండగా నాగ్‌పూర్ నుంచి కూతురు వచ్చింది. దానికి ఆ మాట వాళ్ళే చెప్పారు. అది నన్ను పట్టుకుని, "అమ్మీ, నువ్వున్నావు కదా, అదే చాలు," అని ఏడ్చింది. ఇప్పటికీ పిల్లలు తాతయ్య గురించి అడిగితే, నానీ చెయ్యి, అంటే నా చెయ్యి, పట్టుకుని కల్మా చదువుతూ వెళ్ళిపోయారు అని అది వాళ్ళకు చెప్పడం నాకు ఫోనులో వినిపిస్తుంది. చెయ్యి పట్టుకోవడం అది కలుపుకున్నది. నేను కాదనలేదు.

తర్వాత నాలుగు నెలల పది రోజులు నేను గడప దాటకూడదు. మా ఆచారం. కూతురు పదిహేను రోజులుండి వెళ్ళిపోయింది. దాని పిల్లల బడి. నేను, మంచం, గ్లాసు. అందరూ ఒకటే చెప్పారు, జిక్ర్ చేసుకో, మనసు కుదుటపడుతుంది, నీకు అలవాటే కదా అని. నాకు అలవాటే. ఎవరూ లేనప్పుడల్లా నన్ను కాచింది అదే. కానీ కూర్చుని కణుపు మీద బొటనవేలు పెట్టగానే గ్లాసు మోగేది. చెవిలో కాదు, వేలి కింద. నాలుక ఆగిపోయేది. కొత్తగా పెళ్ళయి వచ్చినప్పుడు ఇల్లు ఖాళీగా ఉండేది, లోపల ఒక తోడుండేది. ఇప్పుడు ఆ లోపల కూడా తలుపు వేసేశారు. వేసింది ఎవరో నాకు తెలుసు. నేనే.

ఒక్క ఆశ మిగిలింది. అమ్మమ్మ చెప్పిన నియమం ఆ పుస్తకంలో కూడా ఉండి ఉంటే? మధ్యలో లేవకూడదని రాసి ఉంటే, నేను చేసింది తప్పే అయినా, మాట విని చేసిన తప్పు. దాన్ని తీసుకెళ్ళి అల్లా ముందు పెట్టవచ్చు, నువ్వు చెప్పావు కదా అనవచ్చు. ఏడవడానికి ఒక చోటు ఉంటుంది. ఆ పేజీ ఆయన ఎప్పుడో చదివి వినిపించాడు, కానీ ఏం విన్నానో గుర్తులేదు. పుస్తకం తీశాను. చీమలు పాకినట్టు అక్షరాలు. ఏ పేజీయో కూడా తెలీదు. కూతురికి తెలుగు చదవడం రాదు. మసీదువాళ్ళకు రాదు. వచ్చినది ఒక్క పక్కింటి వదినకే.

ఆమెది బొబ్బిలి వైపు. ఆమె భర్తా ప్లాంటే, ఆయనా పోయాడు. ఒకప్పుడు ఇక్కడి తెలుగు బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పేది. నేను గడప దాటని ఆ నెలల్లో రోజూ మధ్యాహ్నం గిన్నెలో ఏదో ఒకటి తెచ్చేది. ఒకరోజు, "వదినా, నాకు అక్షరాలు సెప్తావా?" అన్నాను.

"ఈ ఊళ్ళో తెలుగక్షరాలు నేర్చి ఏటి సదువుతావు? హిందీ నేర్సుకుంటే రేషను షాపు బోర్డైనా సదువుదువు."

"నాకు తెలుగే కావాల."

"ఉత్తరాలు రాస్తావేటి? ఎవడికే?" అని కన్ను గీటింది. ఆయన పోయాక నేను మొదటిసారి నవ్వు ముఖం పెట్టింది అప్పుడే. పాత క్యాలెండరు కాగితాలు చింపి, వెనకవైపు అ ఆ లు పెద్దవిగా రాసిచ్చింది. నా వేళ్ళు చీపురు పట్టినట్టు పెన్సిలు పట్టేవి. "కాగితానికి కన్నం పెడతన్నావు, గడ్డపారేటి అది?" అనేది. మూడు నెలలకు గుణింతాలు వచ్చాయి. ఒత్తుల దగ్గర ఆరు నెలలు ఆగిపోయాను. ఒక్కోరోజు, నేర్చుకోకపోతేనే మేలేమో, తెలియకుండా ఉంటే ఆశ అలాగే ఉంటుంది కదా అనిపించేది. మర్నాడు మళ్ళీ కాగితం తీసేదాన్ని.

ఏడాదిన్నరకు పుస్తకం తీశాను. మొదటి పేజీ నుంచి వెళ్ళాను. నాకు కంఠతా వచ్చినవే కాబట్టి, ఈ అక్షరం ఈ మాట అని పోల్చుకుంటూ వెళ్ళాను. అది కొంచెం హాయిగానే ఉంది, నిజం చెప్పాలంటే. ఆయన గొంతు పక్కనే నడుస్తున్నట్టుండేది. పద్దెనిమిదో రోజు ఆ పేజీ వచ్చింది. దువా, అర్థం, కింద నాలుగు వాక్యాలు. వేలు పెట్టి చదివాను. మొదటి వాక్యం, ముఖం, కాళ్ళు చేతులు కడుక్కుని వజూ చేసుకుని కూర్చోవాలని. రెండోది, మనసు పెట్టి చదవాలని. మూడోది ఇది:

"మధ్యలో ఎవరైనా పిలిస్తే లేచి పలకాలి, పని చూసుకుని వచ్చి ఆపిన చోటి నుండి చదువుకోవచ్చు."

తప్పు చదివానేమోనని మళ్ళీ చదివాను. అక్షరం అక్షరం విడదీసి చదివాను. పలకవచ్చు అని కూడా లేదు. పలకాలి అని ఉంది.

అప్పుడు పై మూల చూశాను. పెన్సిలు టిక్కు ఉంది.

అంటే ఆయన చదివాడు. నాకు చదివి వినిపించాడు. నేను తిరిగి చెప్పాను కూడా, చెప్పకపోతే టిక్కు పెట్టడు. నాకు దువా నిలిచింది, కింది మాట నిలవలేదు, ఎందుకంటే ఆ చోట అప్పటికే అమ్మమ్మ మాట ఉంది. కానీ ఆయనకు గుర్తుంది. నేను లేచి రావచ్చని, రావాలని ఆయనకు తెలుసు. అందుకే అన్ని రోజులు ఓపిక పట్టినవాడు ఆ రోజు పిలిచాడు. ఒకసారి పిలిచి, ఆగి, రాకపోతే మళ్ళీ పిలిచాడు. వినపడలేదనుకున్నాడో, వినపడీ రాలేదనుకున్నాడో. తెర వైపు చూస్తూ ఏది అనుకుని పోయాడో, అది ఏ పుస్తకంలోనూ ఉండదు.

ఆ తర్వాత చాలా రోజులు నేను నమాజుకు నిలబడితే నిలబడ్డట్టే, వంగితే వంగినట్టే. లోపల ఏమీ లేదు. చింతపిక్కలు మూటగట్టి అటక మీద పెట్టాను. పారెయ్యడానికి చెయ్యి రాలేదు.

ఒక మధ్యాహ్నం వదిన వచ్చి, "ఏటి వదినా, సదువు మానేసినావు, పంతులమ్మ మీద అలిగినావేటి?" అంది. నేను పుస్తకం తెచ్చి ఆ పేజీ తీసి ఆమె ముందు పెట్టాను. చదివింది. ఇందులో ఏముంది అన్నట్టు చూసింది. అప్పుడు చెప్పాను. గ్లాసు, మూడు చప్పుళ్ళు, పిడికిలి, తెర. నేను అబద్ధం చెప్పిన సంగతి కూడా.

ఆమె పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టి, "మాయన పోయినప్పుడు నాను టీవీలో సీరియలు సూస్తన్నాను," అంది. "పక్క గదిలోనే ఉన్నాడు. సీరియలు అయిపోనాక ఎల్దాం అనుకున్నాను. ఇన్నేళ్ళయినాది. అది ఏ సీరియలో ఎవులికీ సెప్పలేదు."

నా చెయ్యి పట్టుకుంది. నేను పట్టుకోనిచ్చాను. కానీ నా తప్పు తీసుకెళ్ళి ఆమె తప్పు పక్కన పెట్టలేకపోయాను. ఆమె టీవీ చూసింది. తప్పని ఆమెకు మొదటి రోజు నుంచీ తెలుసు. నేను దేవుణ్ణి తలుచుకుంటున్నాను, అదీ ఆయన కోసమే. ఎంత మంచి పనిలో ఉండి నేను వెళ్ళలేదో తలుచుకుంటే నాకు ఇంకా భయం వేస్తుంది.

ఇది రాయడానికి రెండు నెలలు పట్టింది. వదిన అక్షరాలు సరిచేసింది, మాటల జోలికి పోలేదు. కూతురికి చెప్పలేదు. మొన్న ఫోనులో నోటి దాకా వచ్చింది. అంతలో అది, "అమ్మీ, నాకు ఎప్పుడు భయమేసినా, అబ్బాజాన్ ఎలా పోయారో తలుచుకుంటాను," అంది. నేను మాట మార్చి పిల్లల జ్వరం గురించి అడిగాను. ఈ కాగితాలు దాని చేతికే వస్తాయి ఎప్పటికో. దానికి తెలుగు చదవడం రాదు. ఎవరి చేతనైనా చదివించుకుంటుందేమో. చదివించుకుంటే, అమ్మా, అప్పుడు తెలుసుకో. నేను పక్కన లేను.

మళ్ళీ జిక్ర్ చేస్తున్నాను. ఓదార్పు దొరికిందని కాదు. ఇంకెక్కడికీ వెళ్ళడానికి లేక. జుహర్ తర్వాత, రెండు గంటల షిఫ్టు బళ్ళు పోతుండగా, తెర తీసేసిన గదిలో ఆయన మంచం పట్టె మీద కూర్చుంటాను. ఆయన చెయ్యి తట్టి చూపించే చోట. పిక్కలు లేవు, లెక్క లేదు. ఒకసారి అల్లా పేరు అంటాను. ఆగుతాను. వింటాను. గోడ అవతల నుంచి వదిన కేక వేస్తే సగం మాటలో ఆపేసి, "ఆఁ," అని లేస్తాను. కేక వెయ్యకపోతే అలాగే కూర్చుంటాను. గ్లాసు కిటికీలో ఉంది, చెంచా అందులోనే ఉంది. ఏమీ మోగదు. మోగదని నమ్మకం కుదిరే దాకా ఆగి, మళ్ళీ ఒకసారి అంటాను.